సాలూర చేలో శనగ పూత

బోధన్ దాటుతుంటే శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మంచులో మసకగా కనిపిస్తుంది. 2015 డిసెంబరులో మూతపడింది. అటే చూస్తూ నిలబడకండి, సాలూర దారి పట్టండి. డిసెంబరు ఆఖరు, మంజీర వైపు నుంచి ఇగం కొడుతోంది. సోయా కోసిన నల్లరేగడిలో ఇప్పుడు శనగ పూత మీదుంది.

గెట్టు దిగబోతుంటే చేలో పచ్చపురుగు కోసం ఆకులు తిప్పి చూస్తున్న అవ్వ కేకేస్తుంది: "చెప్పులు ఇడువకుండ్రి సారూ, ఆకుల పులుపు కాళ్లు కొరుకుతది."

నిజమే. వేలితో ఆకును తాకి నాలుకకు రాసుకోండి, చింతపండంత పులుపు. ఆకు మీది సన్నటి నూగు నుంచి ఊరే మాలిక్ ఆమ్లం అది.

వంగి ఒక మొగ్గను చూడండి, రేపు విచ్చుకునేది. గోటితో రెక్కలు విప్పితే లోపల పది కేసరాలు: తొమ్మిది ఒక్క గుత్తిగా, ఒకటి విడిగా. పసుపు పుప్పొడి అప్పటికే కీలాగ్రానికి అంటుకుని ఉంటుంది. పూవు లోకానికి కనబడక ముందే పెళ్లి అయిపోతుందన్నమాట. ఇక పుప్పొడి రేణువు మొలకెత్తి, సన్నని గొట్టమై అండం దాకా దిగాలి. చలి దెబ్బ తగిలేది ఇక్కడే. రోజు సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి పోతే ఆ గొట్టం సాగదు, పూత రాలిపోతుంది. ఉత్తరాదిన డిసెంబరు, జనవరుల్లో చేనంతా పూసినా కాయ పట్టకపోవడానికి కారణమిదే.

ఇక్కడ ఆ భయం లేదు. తెల్లారి ఎంత వణికించినా మధ్యాహ్నానికి ఎండ ముప్పైకి చేరువవుతుంది, సగటు నిలబడుతుంది. కింది కొమ్మను ఎత్తి చూడండి, బుడగల్లా ఉబ్బిన లేత కాయలు.

చలిని తట్టుకునే వంగడాలకూ పటాన్‌చెరుకూ సంబంధం ఉంది. అక్కడి ఇక్రిశాట్ పరిశోధన సంస్థ రూపొందించిన ఐసీసీవీ 88516 చల్లదనంలోనూ కాయ పట్టింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో హీథర్ క్లార్క్, కదంబోట్ సిద్దిక్ దాన్ని స్థానిక రకంతో సంకరం చేశారు. వాళ్ల ఉపాయం నాకు భలే నచ్చింది: చలిలోనే పుప్పొడి అద్దారు. తట్టుకునే జన్యువులున్న రేణువులే అండం దాకా చేరాయి, మిగతావి దారిలోనే ఆగిపోయాయి. ఎంపిక మొక్కలో కాదు, రేణువులోనే జరిగింది. అలా వచ్చిన రెండు రకాలకు సొనాలి, రూపాలి అని పేర్లు పెట్టారు. మన ఇంటి ఆడపిల్లల పేర్లు!

నీళ్లు గడ్డకట్టే చలిని తట్టుకోవడం వేరే సంగతి. సిరియాలో ఇకార్డా సంస్థ జరిపిన పరిశోధనల్లో దాని వెనుక కనీసం ఐదు జన్యువులున్నట్టు తేలింది. 2013లో శనగ జన్యుపటం వెలువడింది, 28 వేలకు పైగా జన్యువులు లెక్కకొచ్చాయి. ఆ గుంపులో చలివి ఏవో ఏరడం ఇంకా సాగుతోంది.

ఇక్రిశాట్ వాళ్ల ఐసీసీవీ 2 రకంలో ఇందుకు భిన్నంగా ఒక్క జన్యువే పని చక్కబెట్టింది. ఈఎఫ్ఎల్-1 అంటారు, పూత ముందుగా తెప్పిస్తుంది. ముందు పూస్తే ఎండలు ముదరక ముందే కాయ గట్టిపడుతుంది. చలి తక్కువున్న దక్షిణాదిన శనగ నిలదొక్కుకుందంటే ఇలాంటి తక్కువ కాలపు రకాల పుణ్యమే.

అవ్వ ఆకులు తిప్పడం ఆపలేదు. "సలికి ఏం గాదు సారూ. శివరాత్రి దాటినంక ఎండతోనె తంటా. మా పక్కోళ్లు వరి కోసి ఆలస్యం ఏసిండ్రు, సూడు."

గెట్టు అవతల మొక్కలు ఇంకా జానెడే ఉన్నాయి, ఒక్క మొగ్గ లేదు. అవి పూసి కాయ నిండేసరికి ఎండ 35 డిగ్రీలు దాటొచ్చు. చలిలాగే ఆ వేడి కూడా పుప్పొడినే దెబ్బతీస్తుంది. అంతటి వేడికీ కాయ పట్టే జేజీ 14 రకం ఇలా ఆలస్యమైన చేలకు పనికొస్తుంది. పక్కోళ్లు ఏ ఇత్తనం వేశారో అడగండి, అవ్వకు తెలిసే ఉంటుంది.