ఛౌ నృత్యం: సాధనాక్రమపు విలువ

సమకాలీన నర్తకుల వేసవి శిబిరాలలో ప్రదర్శనకన్న సాధనాక్రమానికీ, ఆటకూ పెద్దపీట వేయడం కొత్త పోకడగా భావింపబడుతున్నది. జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్ ప్రాంతపు నర్తకులకు ఇట్టి పద్ధతికి ప్రాచీన దృష్టాంతం పొరుగునే లభిస్తుంది. ఆ నగరం వద్ద సువర్ణరేఖలో కలిసే ఖర్కాయి నది ఒడ్డునే ఛౌ నృత్యానికి పేరొందిన సరాయికెలా ఉన్నది.

ఇక్కడి శిక్షణకు పునాది కత్తి, డాలు చేబూని చేసే ‘పరిఖండ’ సాధన. పశుపక్ష్యాదుల నడకలను, గ్రామీణ స్త్రీల ఇంటిపనులను అనుకరించే కదలికలు దానికి తోడై నృత్యమవుతాయి. నర్తకుని ముఖాన్ని ముసుగు కప్పివేస్తుంది గనుక భావమంతా దేహమే పలకాలి. ఆ నేర్పు తొందరపాటుతో అలవడేది కాదు.

1938లో ఐరోపాలో ప్రదర్శింపబడిన ఈ కళకు, 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన పిదప రాజపోషణ సన్నగిల్లినది. 2010లో యునెస్కో ఛౌను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది. గుర్తింపు వేదికను కల్పించగలదు. అడుగును మాత్రం గురువే నేర్పాలి. చైత్రపర్వంలో ప్రేక్షకులు చూచేది ఫలితాన్ని. కళను తరువాతి తరానికి అందించేది ప్రేక్షకులు లేని సాధనాస్థలం. నేటి వేసవి శిబిరాల ప్రయోజనాన్ని కూడ ఈ ప్రమాణంతోనే అంచనా వేయడం సముచితం.