కరణీకము నుండి చార్టర్డు అకౌంటెన్సీ వరకు

కొల్లేటి చుట్టుపట్ల గ్రామములలో ఏబది యేండ్లు దాటిన వారికి “లెక్కలు” అనగానే జ్ఞప్తికి వచ్చునది బడి కాదు, కరణముగారి అరుగు. ఊరి భూమి యంతయు ఆ యింటి గుడ్డమూటలోని దస్త్రములలో నుండెడిది. ఎవరి పొలము ఎంత, దాని హద్దులేవి, శిస్తెంత, ఏ యేడు మునిగినది, ఏ యేడు పండినది అను విషయములన్నియు అందుండెను. ఆ మూటను విప్పి చదువగల యిల్లు ఊరికొకటి. ఒకప్పుడు ఇంటిపేరును బట్టి వచ్చిన ఈ లెక్కల పని నేడు పరీక్షను బట్టి వచ్చుచున్నది. ఈ మార్పు ఒక్క దినమున జరిగినది కాదు, ఎవరో దయతలచి చేసినదియు కాదు. ఇది జరిగిన తీరును మన సీమకు సంబంధించినంత వరకు ఈ రజతోత్సవ సంచికలో చెప్పుకొనుట యుక్తమని తలచుచున్నాను.

తెలుగువారికి లెక్క క్రొత్త విద్య కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించి అనేక శతాబ్దములు గడచినవి. తాటాకుల మీద గంటముతో వ్రాసిన గ్రామలెక్కలకు కవిలెలని పేరు. ఊరి పుట్టుక, దేవాలయ మాన్యములు, దొరల మార్పులు గల కవిలెను దండకవిలె యనిరి. కల్నల్ మెకంజీ దక్షిణదేశ చరిత్ర సామగ్రిని సేకరించినపుడు ఊరూరి కైఫీయతులకు ఆధారమైనవి చాలవరకు ఈ కరణముల కవిలెలే. ఆ సేకరణలో ఆయనకు కుడిభుజమైన కావలి వెంకట బొఱ్ఱయ్య మన ఏలూరివాడే. అనగా మన చరిత్రలో పెద్దభాగము లెక్కలు వ్రాయువారి చేతి మీదుగానే మనకు దక్కినది. రాజులు శాసనములు చెక్కించిరి గాని, పుట్ల లెక్క, కుంటల లెక్క నిలిపినవారు కరణములు.

కుంఫిణీ వారు 1802లో శాశ్వత పరిష్కారము చేసినపుడు, ఆ యేటనే 29వ రెగ్యులేషనుతో కరణము యొక్క విధులను నిర్ణయించిరి. జమీందారు చెప్పినది మాత్రమే నమ్ముటకు వారికి ధైర్యము చాలలేదు. ఊరిలో వేరొక లెక్క ఉండవలెనని వారి కోరిక. తరువాత 1895లో మద్రాసు వారసత్వ గ్రామోద్యోగముల చట్టము వచ్చెను. కరణీకము తండ్రి నుండి కొడుకునకు దిగు ఉద్యోగమని ఆ చట్టము స్థిరపఱచెను. ఉద్యోగికి కావలసిన పరీక్షలు లేకపోలేదు. అయితే ఆ గడప లోపల పుట్టనివానికి ఆ పరీక్ష వలన ప్రయోజన మేమి?

ఈ లెక్కలు ఎట్టివో నేటి యువకులకు తెలియదు గనుక కొంచెము వివరింతును. రెండవ నంబరు లెక్కకు అడంగలని పేరు. అందు సర్వే నంబరు వారీగా ఏ చేను ఎవరి అనుభవములో నున్నది, ఏ పైరు వేసిరి, ఏ నీటి ఆధారము, పండినదా లేదా అను సంగతులు వ్రాయవలెను. పదవ నంబరు లెక్క చిట్టా. అందు రైతు వారీగా వాని భూమి అంతయు ఒకచోట కానవచ్చును. మూడవ నంబరులో చేతులు మారిన భూముల వివరము. సంవత్సరము ఫసలీ, అది జూలై 1న మొదలై జూను 30న ముగియును. క్రీస్తుశకము నుండి 590 తీసివేసిన ఫసలీ వచ్చును. ఏడాది చివర జమాబందీ. అప్పుడు ఊరి లెక్క తేలవలెను.

మెరక గ్రామములలో అడంగలులోని ఒక మాటకు అంత విలువ యుండెడిది కాదేమో గాని, కొల్లేటి ఒడ్డున ఆ మాటయే అన్నము. బుడమేరు, తమ్మిలేరు పొంగిన యేడు కొల్లేరు పొలముల మీదికి వచ్చును. నీరు సముద్రమునకు పోవుటకున్న దారి ఉప్పుటేరు ఒక్కటి. అది మెల్లగా లాగును. ఊడ్చిన చేను నెలల తరబడి నీటిలో నుండును. అప్పుడు ఆ చేనికి ఎదురుగా అడంగలులో “శావి” అని వ్రాసిన రైతునకు శిస్తు తగ్గింపు వచ్చును. వ్రాయనిచో మునిగిన చేనికే శిస్తు కట్టవలెను. ఇట్లు మునిగినదా లేదా అను ప్రశ్నకు సమాధానము నీటిలో లేదు, కాగితములో ఉన్నది. ఆ కాగితమును రైతు చదువలేడు. కరణముగారు ధర్మాత్ములైన ఊరిలో రైతు బ్రతికెను. కానిచోట కానుకలతో బ్రతికెను. కరణములందఱిని ఒకే గాటకట్టి నిందించుట నాకు సమ్మతము కాదు. స్వల్పమైన ప్రతిఫలముతో, మోకాలి లోతు బురదలో అజమాయిషీ తిరిగి, ప్రతి గట్టును ఎఱిగియున్నవారు అనేకులు. దోషము మనుష్యునిలో కంటె, లెక్కను తనిఖీ చేయగల రెండవ కన్ను ఊరిలో లేకపోవుటలో నున్నది.

వర్తకుల లెక్క వేఱొక త్రోవను నడచెను. ఏలూరు కాలువలతోను, రైలుతోను, తివాచీలతోను, జనపనార మిల్లుతోను పెరిగిన పట్టణము. తాడేపల్లిగూడెము ధాన్యమునకు, ఉల్లిపాయలకు ప్రసిద్ధి గాంచిన సంత. ఈ దుకాణములలో గుమాస్తా చిట్టా వ్రాయును, దానిని ఆవర్జాలోనికి ఎక్కించును, దీపావళికో సంవత్సరాదికో ఖాతాలు తేల్చును. బడిచదువు కంటె కూర్చున్న గద్దె ముఖ్యము. కుఱ్ఱవాడు మొదట కొట్టు ఊడ్చును, తరువాత తూకపు చీట్లు వ్రాయును, ఆ తరువాతనే చిట్టా ముట్టును. ఇప్పటి ఆర్టికల్ శిక్షణకు ఇది తాతవంటిది. మద్రాసు ప్రభుత్వము వారు బుక్‌కీపింగునకు సాంకేతిక పరీక్షలు పెట్టిన తరువాత, టైపు నేర్చుకొన్న మధ్యతరగతి కుఱ్ఱవారు ఆ సర్టిఫికెట్టు కూడ సంపాదించి మిల్లులలోను, బ్యాంకులలోను చేరసాగిరి. మనకు చేరువనే బందరులో పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించుట లెక్కలు వచ్చిన తెలుగు కుఱ్ఱవారికి ఒక పెద్ద ద్వారము తెఱచినట్లయినది. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది.

లెక్క వ్రాయుట ఒకటి, వ్రాసిన లెక్కను పరీక్షించుట మఱియొకటి. ఈ రెండవదానికి మన దేశమున చట్టబలము కలిగినది 1913 నాటి కంపెనీల చట్టముతో. కంపెనీల లెక్కలు తనిఖీ చేయువారికి ప్రభుత్వపు సర్టిఫికెట్టు ఉండవలెనని అది శాసించెను. బొంబాయి ప్రభుత్వము 1918లో అకౌంటెన్సీ డిప్లొమాను నెలకొల్పెను. 1932లో భారత అకౌంటెన్సీ బోర్డు ఏర్పడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1949లో చార్టర్డు అకౌంటెంట్ల చట్టమును చేసిరి. అది ఆ సంవత్సరము జూలై 1న అమలులోనికి వచ్చెను. ఖర్చులెక్కల అకౌంటెంట్లకు 1959లో వేఱొక చట్టము వచ్చినది.

ఈ చరిత్రలో ఒక స్త్రీమూర్తిని తలపక పోరాదు. ఆమె ఆర్. శివభోగముగారు. మద్రాసు నివాసిని, మన జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రములోనివే. స్వాతంత్ర్యోద్యమములో పాల్గొని కారాగారమునకు పోయి, 1933లో అకౌంటెన్సీ డిప్లొమా పరీక్షలో ఉత్తీర్ణురాలై, భారతదేశమున తొలి మహిళా అకౌంటెంటైరి. చెఱసాలకు పోయినవారిని అకౌంటెంటుగా నమోదు చేయరాదను నియమము అడ్డురాగా, న్యాయస్థానమున పోరాడి దానిని దాటిరి. తరువాత దక్షిణ భారత ప్రాంతీయ మండలికి అధ్యక్షురాలైరి. మన ఊరి ఆడపిల్లలు ఈ పేరు వినియుండరు. వినవలెను.

ఇక పుట్టుక హక్కు కూలిన సంగతి. దీనికి నాంది మన పొరుగున గుంటూరు జిల్లాలోనే జరిగినది. తెనాలి తాలూకా పెరవలిపాలెమను క్రొత్త గ్రామమునకు మునసబు కావలసి వచ్చెను. గాజుల దశరథరామారావుగారు దరఖాస్తు పెట్టుకొనిరి. వారసత్వ కుటుంబమువాడని వేఱొకరికి ఆ ఉద్యోగమిచ్చిరి. ఆయన సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. 1960 డిసెంబరులో ఆ న్యాయస్థానము, కేవలము వంశమును బట్టి ప్రభుత్వోద్యోగ మిచ్చుట రాజ్యాంగమునకు విరుద్ధమని 1895 నాటి చట్టములోని ఆ నిబంధనను కొట్టివేసెను. అది మునసబు ఉద్యోగపు తగవే యైనను, కరణీకమును అదే చట్టము క్రింద నున్నది గదా! అరుగు అప్పుడే కదలినది. అయినను అలవాటు బలీయము. మఱి ఇరువది మూడేండ్లు పాతకుటుంబములే చాలచోట్ల దస్త్రములను మోసినవి. 1984 జనవరి 6న నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా గ్రామోద్యోగములను రద్దుచేసెను.

అదే 1984లో ఢిల్లీలో మఱియొక మార్పు జరిగినది. దీనిని జతపఱచి చెప్పినవారిని నేను చూడలేదు. ఆ యేటి ఫైనాన్సు చట్టము, సాలునకు నలువది లక్షలు దాటిన అమ్మకములు గల వర్తకులు ఆదాయపుపన్ను నిమిత్తము తమ లెక్కలను చార్టర్డు అకౌంటెంటుచే తనిఖీ చేయించుకొనవలెనని విధించెను. అంతకు ముందు చార్టర్డు అకౌంటెంటు పెద్ద కంపెనీలున్న నగరముల మనిషి. తరువాత తాడేపల్లిగూడెము ధాన్యపు వ్యాపారికి, ఏలూరు మిల్లరుకు కూడ ఆయన అవసరమైనాడు. ఒక చేత పాత లెక్కలవాడు పోవుచుండగా, మఱియొక చేత క్రొత్త లెక్కలవాడు వచ్చెను. 2017 జూలై 1న వచ్చిన వస్తుసేవల పన్ను ఆ అవసరమును చిన్న దుకాణము వరకు దించినది.

అయితే కొల్లేటిలో క్రొత్త లెక్కలవాడు ఆలస్యముగా వచ్చెను. 1976 నుండి ప్రభుత్వము సరస్సు గర్భములోని భూమిని మత్స్యకారుల సహకార సంఘములకు చేపల చెఱువుల కొఱకు ఇచ్చెను. సంఘమునకు సభ్యుల రిజిస్టరుండెను, తీర్మానముల పుస్తకముండెను, 1964 నాటి సహకార చట్టము ప్రకారము ఏటేట ఆడిట్ జరుగవలసి యుండెను. కాగితము మీద సభ్యుడు యజమాని. కాని అనేక చోట్ల చెఱువులు క్రమముగా బయటి పెట్టుబడిదారుల చేతిలోనికి పోయినవి. సభ్యునకు దక్కినది వేలిముద్రకు బదులుగా ఇచ్చిన కొద్దిపాటి కౌలు. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైనది. 2006లో ఆ పరిధిలోని చెఱువుల గట్లు తెగగొట్టిరి. సరస్సు బ్రతుకుటకు అది అవసరమే. ఆ మాటలో నాకు సందేహము లేదు. కాని ఆనాడు తన వాటా ఎంతయో, ఎంత వచ్చినదో, ఎంత పోయినదో లెక్కచూపి అడుగగలిగిన మత్స్యకారుడు ఎందఱు? కరణముగారి అరుగున రైతునకు పట్టిన గతియే సంఘపు బల్ల దగ్గర వీరికి పట్టినది.

పెద్ద లెక్కలు తప్పినను ఇదే తీరు. పశ్చిమ గోదావరి జిల్లావారైన రామలింగరాజుగారు 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని తమ లేఖలో ఒప్పుకొనిరి. ఆ లెక్కల క్రింద ఆడిటర్ల సంతకము ఏటేట ఉండెను. 2015లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము శిక్షించిన పదిమందిలో ఆడిటర్లు కూడ కలరు. ఈ వృత్తిలో ప్రవేశింపగోరువారు సంపాదన మాట తెలిసికొనుటకు ముందు ఈ సంగతి తెలిసికొనుట మంచిది. ఆడిటరు అమ్మునది లెక్క కాదు, సంతకము.

ఇక ప్రవేశము మాట. మన సీమలో లెక్కలు బాగుగా వచ్చిన పిల్లవానిని ఇంజనీరింగునకు పంపుట ఆచారమైపోయినది. ఇంటర్మీడియెట్టులో కామర్సు తీసికొన్నవానిని రెండవ రకమువానిగా చూచుట నేను అనేక యిండ్లలో గమనించితిని. అది వట్టి భ్రమ. చార్టర్డు అకౌంటెన్సీకి కావలసినది పెద్ద గణితము కాదు. చట్టము చదివి అర్థము చేసికొను బుద్ధి, ఓపిక, వ్రాతలో స్పష్టత. 2023లో వచ్చిన క్రొత్త పద్ధతి ప్రకారము పండ్రెండవ తరగతి తరువాత ఫౌండేషను పరీక్ష నాలుగు పేపర్లు, పిదప ఇంటర్మీడియెట్టు ఆరు, కడపట ఫైనలు ఆరు. ఇంటర్మీడియెట్టులోను, ఫైనలులోను ప్రతి పేపరునందు నూటికి నలువది, గ్రూపు మొత్తము మీద నూటికి ఏబది మార్కులు రావలెను. ఈ రెండవ షరతే చాలమందిని తిప్పి పంపుచున్నది. తగిన మార్కులతో డిగ్రీ ముగించినవారు ఫౌండేషను లేకుండ నేరుగా ఇంటర్మీడియెట్టునకు పోవచ్చును. ఇంటర్మీడియెట్టు రెండు గ్రూపులు గడచిన పిమ్మట ఒక చార్టర్డు అకౌంటెంటు వద్ద రెండేండ్లు శిక్షణ పొందవలెను. పూర్వము ఈ శిక్షణ మూడేండ్లుండెను. తొలినాళ్లలో శిష్యుడే గురువునకు ప్రీమియము చెల్లించు ఆచారము కూడ కలదు. ఇప్పుడు గురువే శిష్యునకు స్టయిపెండు ఈయవలెను. కాలేజీకి నిత్యము పోవలసిన చదువు కాదు గనుక ఇంటివద్ద చదువుకొని పరీక్ష వ్రాయుట సాధ్యమే. కాని తోడు లేని చదువు త్వరగా చల్లారును. ఒక ఊరి నుండి ఇద్దఱు ముగ్గురు కలసి నమోదు చేసికొని చదివినచో ఆ బాధ చాలవరకు తీరును. గ్రంథాలయపు సాయంకాలపు బల్ల అందుకు చాలును.

పల్లె విద్యార్థికి కష్టమైన ఘట్టము ఆ శిక్షణ రెండేండ్లే. ఏలూరిలోనో, బెజవాడలోనో గది తీసికొనవలెను. స్టయిపెండు గది అద్దెకు, భోజనమునకు సరిపోదు. గూడెము, ఏలూరు రైలుదారి మీద నున్న ఊళ్లవారు రోజూ పోయిరావచ్చును గాని, కొల్లేటి లంకగ్రామముల వారికి ఆ సౌకర్యము లేదు. చేపల చెఱువు సంఘపు పుస్తకములను చదువగల చార్టర్డు అకౌంటెంటు ఆ లంకల నుండియే రావలెనన్నచో, ఆ రెండేండ్ల గది అద్దె, భోజనము ఎవరు భరింతురో ముందుగా తేలవలసి యున్నది.