రిచ్మండ్ విగ్రహాల తగవు

1890 మే నెలలో ఫ్రాన్సు నుంచి పెట్టెల్లో వచ్చిన కంచు విగ్రహాన్ని వర్జీనియా రాజధాని రిచ్మండ్‌లో జనం రథం లాగినట్టు మోకులు పట్టి లాగారు. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనల్ని నడిపిన రాబర్ట్ ఇ. లీ గుర్రమెక్కిన విగ్రహమది. పనయ్యాక మోకుల్ని ముక్కలుగా కోసి ఇళ్లకు తీసుకెళ్లి దాచుకున్నారు. మే 29న ఆవిష్కరణకు లక్షకు పైగా జనం వచ్చారని అంచనా. యుద్ధం ఓడిన పాతికేళ్లకు ఇంత సంబరం! లీ మాత్రం 1869లో, గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో గుర్తులు నిలిపేందుకు పిలుపు వస్తే, యుద్ధపు పుండ్లను కెలకొద్దని జవాబు రాశాడు. ఆ మాటను ఆయన భక్తులే చెవిన పెట్టలేదు.

చనిపోయినవాళ్ల కోసం ఏడ్చే చోటు ఊళ్లో అప్పటికే ఉంది. హాలీవుడ్ శ్మశానవాటికలో దక్షిణాది సైనికుల సమాధుల మధ్య 90 అడుగుల రాతి పిరమిడ్‌ను 1869లోనే కట్టారు. బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ల దుఃఖాన్ని ఎవరూ కాదనలేరు. ఇరవయ్యేళ్ల తర్వాత మాన్యుమెంట్ అవెన్యూ అనే వీధి నడిబొడ్డున లేచిన లీ విగ్రహం వేరే సంగతి. దాని వెనక ఒక కథనం ఉంది. రిచ్మండ్ పత్రికా సంపాదకుడు ఎడ్వర్డ్ పొలార్డ్ 1866లోనే ‘ది లాస్ట్ కాజ్’ (ఓడిన ఆశయం) పేరుతో పుస్తకం రాశాడు. ఆ పేరుతోనే పెరిగిన కథనంలో యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసం జరిగింది. బానిసత్వం వెనక్కి పోయింది. 1861 మార్చిలో సవానాలో దక్షిణాది ప్రభుత్వ ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ తమ ప్రభుత్వానికి పునాదిరాయి జాతుల అసమానత్వమేనని సభాముఖంగా చెప్పిన సంగతిని ఆ కథనం తలుచుకోదు.

ఈ తగవును ఉత్తరాది, దక్షిణాదుల మధ్య పోరుగా చెప్పడం అలవాటైపోయింది. నా లెక్కలో ఇది మొదటి నుంచీ దక్షిణాది ఇంటి గొడవే. విగ్రహం లేచిననాడు దాన్ని ఎదిరించినవాడు జాన్ మిచెల్. రిచ్మండ్ శివార్లలో బానిసగా పుట్టి ‘ప్లానెట్’ పత్రిక సంపాదకుడు, నగర మండలి సభ్యుడు అయినవాడు. దాన్ని నిలబెట్టేందుకు చెమటోడ్చింది నల్లవాడే, దించే రోజొస్తే అప్పుడూ వాడే ఉంటాడన్న అర్థంలో రాశాడు. ఉత్తరాది పక్షాన పోరాడిన లక్షా ఎనభై వేల మంది నల్లజాతి సైనికుల్లో ఎక్కువమంది బానిస రాష్ట్రాలవాళ్లే. తెల్లవాళ్లూ ఒక్కమాట మీద లేరు. వర్జీనియా పశ్చిమ జిల్లాలు 1863లో విడిపోయి వేరే రాష్ట్రమయ్యాయి. వర్జీనియాలోనే పుట్టిన జనరల్ జార్జ్ థామస్ ఉత్తరాది వైపు నిలబడితే అక్కచెల్లెళ్లు అతని పటాన్ని గోడవైపు తిప్పేశారని చెప్పుకుంటారు. అతని విగ్రహం వాషింగ్టన్‌లో ఉంది. మాన్యుమెంట్ అవెన్యూలో చోటు దక్కలేదు.

1902 నాటి వర్జీనియా రాజ్యాంగం ఓటు పన్ను, అక్షరాస్యత షరతులతో నల్లవాళ్లలో అత్యధికుల ఓటు ఊడబెరికింది. ఆ తర్వాతే దక్షిణాది సేనాని స్టూవర్ట్, అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1907లో, మరో సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ 1919లో విగ్రహాలై ఆ వీధికెక్కారు. కాదనేవాళ్లకు ఓటే లేనప్పుడు వచ్చిన ఏకాభిప్రాయాన్ని ప్రాంతమంతటి గర్వమని ఎలా అంటాం? రిచ్మండ్‌లోనే పుట్టిన టెన్నిస్ వీరుడు ఆర్థర్ ఆష్ విగ్రహం 1996లో అక్కడికి చేరడానికి కూడా పెద్ద వాదనే నడిచింది.

స్మారకాలను కదిలించే అధికారం నగరాలకు లేకుండా కట్టేసిన రాష్ట్ర చట్టానికి చేసిన సవరణ 2020 జులై 1న అమల్లోకొచ్చింది. జాక్సన్‌ను ఆ రోజే దించారు. డేవిస్‌ను జాతివివక్ష వ్యతిరేక నిరసనకారులు అప్పటికే కూలదోశారు. లీ విగ్రహాన్ని ప్రేమగా కాపాడతామని రాష్ట్రం 1890లో రాసిచ్చిన దస్తావేజు చూపి కొందరు కోర్టుకెక్కారు. 2021 సెప్టెంబర్ 2న వర్జీనియా సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. ఆరు రోజులకు క్రేను వచ్చింది. విగ్రహాన్ని నడుము దగ్గర రెండుగా కోసి తరలించారు. పని చేయించిన కాంట్రాక్టరు నల్లజాతివాడు.

అదే వర్జీనియాలో షెనాండోవా కౌంటీ 2020లో ఒక ఉన్నత పాఠశాలకున్న స్టోన్‌వాల్ జాక్సన్ పేరు తీసేసింది. 2024 మేలో కౌంటీ పాఠశాల బోర్డు 5-1 ఓట్లతో మళ్లీ ఆ పేరే పెట్టింది.