కుతుబ్‌ఖానా తాళంచెవి ఎవరి దగ్గర?

తెలంగాణ గ్రంథాలయోద్యమ చరిత్ర రాసినవాళ్లంతా ఒకే తేదీ దగ్గర మొదలుపెడతారు. 1901 సెప్టెంబర్ 1. ఆ రోజు హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి అండగా నిలబడ్డారు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. అక్కణ్నుంచి కథ ఊళ్లకు పాకుతుంది. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఇది సగం కథ.

ఆ తేదీకి పదేళ్ల ముందే, 1891లో, అదే నగరంలో కుతుబ్‌ఖానా ఆసఫియా తెరుచుకుంది. దాన్ని నిలబెట్టినవాడు సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ. ఇమాదుల్ ముల్క్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. అంతకు మూడేళ్ల ముందు, 1888లో, పాత అరబీ రాతప్రతులను వెతికి అచ్చువేయడానికి దాయిరతుల్ మఆరిఫ్ ఏర్పడింది. అందులో ఇమాదుల్ ముల్క్ పక్కన నిలబడ్డ ముల్లా అబ్దుల్ ఖయ్యూం కాంగ్రెస్‌ను బాహాటంగా సమర్థించిన మనిషి. ఆసఫియా తెరుచుకున్న 1891లోనే పాట్నాలో ఖుదాబక్ష్ తన పుస్తకాలను ప్రజలకు ఇచ్చేశాడు. కొన్నేళ్లకు ఆయనే హైదరాబాదు వచ్చి నిజాం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు.

తెలుగు చరిత్రకారుడికి ఇదంతా నవాబుల వ్యవహారం. ఉర్దూ చరిత్రకారుడికి భాషా నిలయం లెక్కలోకి రాదు. రెండు చరిత్రలూ ఒకే నగరంలో, నడిచిపోయేంత దూరంలో జరిగాయి, ఒకదాన్నొకటి చూసుకోలేదు. 1936లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనంలోకి మారిన ఆసఫియానే ఇప్పటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. పోటీ పరీక్షలకు చదువుకోవడానికి పల్లెల నుంచి వచ్చే తెలుగు పిల్లలు అక్కడే కూర్చుంటారు. తాము కూర్చున్న చోటుకు పాత పేరేమిటో వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

ఈ రెండు చరిత్రల మధ్య మేం ఎక్కడున్నాం? తెలుగు మాట్లాడుతూ, తెలుగులో చదువుకుంటూ, పేరు మాత్రం ఉర్దూలో పెట్టుకున్న పాలమూరు ముస్లింలం ఎక్కడున్నాం?

పాలమూరు వైపు చూద్దాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. మొదటి రెండూ నిజాం రాజ్యంలోని హిందూ సంస్థానాలు. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. అక్కడ పండితులకు సన్మానాలు జరిగేవి. తిరుపతి వేంకట కవులు లాంటివాళ్లు ఎక్కడో కోస్తా నుంచి ఈ సంస్థానాలను వెతుక్కుంటూ వచ్చారు. మానవల్లి రామకృష్ణకవి వనపర్తి సంస్థానం ఆశ్రయంలో కొన్నేళ్లు పనిచేశారు. నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలుగులోకి తెచ్చింది ఆయనే. తాటాకు ప్రతుల మధ్య నుంచి ఆయన తీసిన ఆ వరుసకు పెట్టుకున్న పేరు ‘విస్మృత కవులు’. మరిచిపోయిన కవులను వెతికిపెట్టడమే గ్రంథాలయం చేయాల్సిన పని. ఆ పనికి వనపర్తి అన్నం పెట్టింది. కాదనలేం.

కానీ ఆ పుస్తకాలు ఎవరి చేతికి అందాయి? సంస్థానం సరస్వతీ భండారం రాజుగారిది. అందులోకి పోవాలంటే పండితుడై ఉండాలి. దూది ఏకే దూదేకులాయనకు, గద్వాల చీరల మగ్గం పక్కన బతికే సాలె ఇంటి పిల్లకు, మాదిగవాడ పిల్లగాడికి అక్కడ చోటు లేదు. అట్లాగే హైదరాబాదు ఆసఫియాలో ఉన్న అరబీ, ఫారసీ గ్రంథాలతో పాలమూరులో కూలి చేసుకునే సాయిబుకు ఒరిగింది ఏమిటి? ‘పాలించిన జాతి’ అని మమ్మల్ని వేలెత్తి చూపేవాళ్లు ఈ లెక్క చూడాలి. 1931 నాటికి హైదరాబాదు రాజ్యంలో వందకు పదిమందికి కూడా చదువు రాదు. సుల్తాను మావాడే, చదువు మాత్రం మాది కాదు.

ఇంకో మాట. వనపర్తి రాజా దగ్గర ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీల దళం ఉండేది. అది తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరు ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందే. వాళ్ల పిల్లలు, మనవలు ఇంకా అక్కడ ఉన్నారు. వనపర్తి ఆస్థాన పండితుల పేర్లు సాహిత్య చరిత్రల్లో వరసగా దొరుకుతాయి. అదే కోటకు కాపలా కాసిన హబ్షీల పేర్లు ఏ పుస్తకంలో వెతకాలి?

గద్వాల ప్రాంతం మనిషే సురవరం ప్రతాపరెడ్డి. సొంతూరు ఇటికాలపాడు, పుట్టింది 1896లో. ఉర్దూ, ఫారసీ బాగా వచ్చినవాడు. హైదరాబాదు రెడ్డి హాస్టలు బాధ్యత చూస్తూ అక్కడి గ్రంథాలయాన్ని పెంచాడు. 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో అన్న మాటకు ఆయన తిట్లతో బదులివ్వలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశాడు. ఒక రకంగా అది లైబ్రేరియన్ చేసే పని. ఎవరున్నారు, ఎక్కడున్నారు, ఏం రాశారు అని పట్టిక కట్టడం. ‘లేరు’ అన్నవాడి నోరు మూయించడానికి పట్టికను మించిన జవాబు లేదని పాలమూరు మనిషే చూపించాడు. 1952లో వనపర్తి జనం ఆయన్ను శాసనసభకు పంపారు.

సరిగ్గా ఇదే ప్రశ్న అరవై ఏళ్ల తర్వాత మాకు ఎదురైంది. ‘తెలుగులో ముస్లిం కవులు ఎవరున్నారు?’ అన్నారు. 1992 డిసెంబర్ 6 తర్వాత మా గొంతులు వేరుగా వినిపించాల్సిన అవసరం వచ్చింది. 1998లో జల్‌జలా వచ్చింది. 2004లో వతన్ కథలు వచ్చాయి. సయ్యద్ నశీర్ అహమ్మద్ తెలుగు ముస్లిం కవులను, రచయితలను ఒక్కొక్కరినీ వెతికి ‘అక్షర శిల్పులు’ అనే పుస్తకంగా పరిచయం చేశారు. గోలకొండ కవుల సంచిక చేసిన పనే ఇది. దాన్ని ఆత్మగౌరవం అన్నవాళ్లే దీన్ని వేర్పాటు అంటే ఏం చెప్పాలి?

లైబ్రేరియన్ అంటే పుస్తకం ఇచ్చి సంతకం పెట్టించుకునే ఉద్యోగి అని మనం అనుకుంటాం. కాదు. ఏ పుస్తకం కొనాలి, దేన్ని ఏ బీరువాలో పెట్టాలి, కేటలాగులో ఏ పేరు కింద రాయాలి, ఏది చెదలకు వదిలేయాలి అన్నది అతని చేతిలో ఉంటుంది. కేటలాగులో లేని పుస్తకం గ్రంథాలయంలో ఉన్నా లేనట్టే. ప్రపంచమంతా వాడే డ్యూయీ వర్గీకరణ 1876లో వచ్చింది. అందులో మతాలకు 200 నుంచి 299 వరకు అంకెలు. చాలా భాగం క్రైస్తవానికే. మిగతా మతాలన్నీ 290ల్లో ‘ఇతరులు’గా సర్దుకోవాలి. ఇస్లాం అంకె 297. హిందూ మతమూ ఆ ఇరుకులోనే ఉంది. అమెరికాలో ఒక లైబ్రేరియన్ గీసిన గీత అది. అంకెలకు కూడా మతం ఉంటుంది.

ఈ వృత్తిలో మనవాళ్లు లేరా? 1933లో భారత గ్రంథాలయ సంఘం ఏర్పడినప్పుడు దాని మొదటి కార్యదర్శి కె.ఎం. అసదుల్లా. కలకత్తా ఇంపీరియల్ లైబ్రరీకి లైబ్రేరియన్. 1947లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. రంగనాథన్ పేరు మనకు తెలుసు, అయ్యంకి వెంకటరమణయ్య పేరు తెలుసు. తెలియాల్సిందే. అసదుల్లా పేరు మాత్రం సరిహద్దు దాటగానే మన జ్ఞాపకంలోంచీ దాటిపోయింది.

ఇక 1948 సంగతి. 1880ల్లో ఫారసీ స్థానంలో ఉర్దూ నిజాం రాజ్యానికి అధికార భాష అయింది. జనంలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువాళ్ల భాషకు బడిలో, కచేరీలో చోటు దొరకలేదు. అది అన్యాయం. తెలుగు గ్రంథాలయాలు ఆ అన్యాయానికి ఎదురుగా పుట్టాయి. రజాకార్లు చేసిన దౌర్జన్యమూ నిజమే. అయితే రజాకార్లను ఎదిరించి రాసి 1948 ఆగస్టులో వాళ్ల చేతుల్లో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ కూడా ఉర్దూ పత్రికా సంపాదకుడే. ఆ భాషలో హంతకుడూ మాట్లాడాడు, హతుడూ రాశాడు. భాషకు నేరం అంటగట్టడం మాత్రం జరిగిపోయింది.

ఆ సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగింది. తర్వాత ముస్లింల మీద సాగిన హత్యాకాండను విచారించడానికి నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపింది. పదహారు జిల్లాల్లో తొమ్మిదింటికి వాళ్లు వెళ్లారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో ఘోరం ఎక్కువ జరిగిందన్నారు. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలు ఉంటారని లెక్క వేశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. చివరికి జనం చూడటానికి వీలుగా అది తెరుచుకున్నది 2013లో, ఢిల్లీలోని నెహ్రూ స్మారక మ్యూజియం గ్రంథాలయంలో. ఇళ్లల్లో మా ముసలివాళ్లు గొంతు తగ్గించి చెప్పుకున్న మాటలకు కాగితం దొరకడానికి అరవై అయిదేళ్లు పట్టింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటే చరిత్ర వాళ్లదే అవుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పోలీసు చర్య తర్వాత ఒకటి రెండు తరాల్లో ఉర్దూ చదవగలిగేవాళ్లు ఊళ్లల్లో కరువయ్యారు. ఇప్పుడు పల్లెల్లో ఉర్దూ ఎప్పుడు గుర్తొస్తుంది? భూమి తగాదా వచ్చినప్పుడు. నిజాం కాలపు సేత్వార్ నకలు చేతిలో పట్టుకుని, అది చదివిపెట్టే ముసలి మున్షీ కోసం హిందూ రైతులూ ముస్లిం రైతులూ కలిసి తిరుగుతారు. తన తాత పేరు, తన పొలం సర్వే నంబరు తాను చదువుకోలేని రైతుకు ఆ మున్షీనే గ్రంథాలయం. ఆయన పోతే ఆ బీరువా మూతపడ్డట్టే.

1949లో జాగీర్లు పోయాయి, సంస్థానాలు కలిసిపోయాయి. గద్వాల కోటలో కాలేజీ వచ్చింది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. ఆ వంశంలోని రామేశ్వరరావు ఢిల్లీ వెళ్లి ఎంపీ అయ్యాడు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు యజమాని అయ్యాడు. రాజుల పుస్తకాలకు దారి దొరికింది. జనం పుస్తకాల కోసం 1960 గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని కింద మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతాయి. 2016 అక్టోబర్‌లో పాలమూరు జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు జిల్లాలయ్యాయి. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష అయింది. చట్టాలు ఉన్నాయి. కానీ ఉర్దూ చదవడం రాని లైబ్రేరియన్ చేతికి ఒక ఉర్దూ పుస్తకం వస్తే ఏం చేస్తాడు? రచయిత పేరు తెలియదు, విషయం తెలియదు. ‘ఉర్దూ’ అని ఒక్క ముక్క రాసి కింది అరలో పెడతాడు. అతన్ని తప్పుపట్టలేం. అతనికి ఆ అక్షరాలు నేర్పనివాళ్లను అడగాలి.

మమ్మల్ని మేమూ అడుక్కోవాలి. ‘చదువు’ అనే ఆజ్ఞతో మొదలైన దీన్ మాది అని తఖ్రీర్లలో గొప్పగా చెప్పుకుంటాం. పదో శతాబ్దపు బాగ్దాదులో ఇబ్న్ నదీమ్ తన కాలపు పుస్తకాలన్నిటికీ ‘ఫిహ్రిస్త్’ అని జాబితా రాశాడని పొంగిపోతాం. మరి మన మసీదులో ఖురాన్ల పక్కన ఒక్క కథల పుస్తకం పెట్టుకున్నామా? మన ఆడపిల్ల ఊళ్లో గ్రంథాలయానికి పోతానంటే ఎంతమందిమి పంపాం? పీర్ల పండగలో తెలుగులో పాడే మాతం పాటలు వచ్చిన ముసలివాళ్లు మన కళ్లముందే పోతుంటే, అవి అసలైన ఇస్లాం కాదని వదిలేశాం. ఉర్దూ గొప్పదనం గురించి మాట్లాడే పెద్దలు దూదేకుల తెలుగును చిన్నచూపు చూశారు. ఈ బీరువాలకు తాళం వేసింది బయటివాళ్లు కాదు.

అందుకని అడిగేది పెద్దదేమీ కాదు. మూడు జిల్లా గ్రంథాలయాల్లోనూ ఉర్దూ చదవడం వచ్చినవాళ్లు ఒకరుండాలి. ప్రతి ఉర్దూ పుస్తకం పేరూ విషయమూ తెలుగు లిపిలో కూడా కేటలాగుకు ఎక్కాలి. తెలుగు ముస్లింల పుస్తకాలు ‘మతం’ బీరువాలో కాకుండా కవిత్వం కవిత్వంలో, కథ కథల్లో ఉండాలి. సేత్వార్ చదివే మున్షీ దగ్గర పదిమంది పిల్లలు, ఏ మతంవాళ్లయినా సరే, ఆ అక్షరాలు నేర్చుకోవాలి. ఇది దయ కోసం అడుగుతున్నది కాదు. ఆ ఎనిమిది పైసలు మేమూ కడుతున్నాం.

సురవరం ఉత్తరాలు రాసి కవులను పోగేశాడు. మనమూ ఊరూరికీ పోదాం. ఎవరింట్లో ఏ పుస్తకం ఉందో, ఎవరి నోట్లో ఏ పాట ఉందో రాసుకొద్దాం. ఆ పట్టిక మనం కట్టకపోతే రేపు ఇంకెవరో కడతారు. అందులో మళ్లీ మనం ‘ఇతరులు’ కిందే ఉంటాం.