ప్రీమియం: ఎవరికిచ్చే బహుమానం?

ఎల్‌ఐసీ ఏజెంటు నోట ‘ప్రీమియం’ అంటే గడువులోగా కట్టాల్సిన సొమ్ము. విల్లాల ప్రకటనలో అదే మాటకు మేలురకమని అర్థం. రెండింటికీ వేరు ఒకటే. లాటిన్‌లో ‘ప్రై’ అంటే ముందు. మన ‘ప్ర’ ఉపసర్గకు చుట్టమే. ‘ఎమెరె’ అంటే మొదట తీసుకోవడం, తర్వాత కొనడం. అందరికంటే ముందు అందుకునే వాటా ‘ప్రైమియుమ్’. యుద్ధంలో కొల్లగొట్టిన సొమ్ములో దక్కిన భాగానికి, ఆపైన బహుమానానికి ఆ మాట వాడారు. 17వ శతాబ్దపు ఇంగ్లీషులో అది బీమాకు ఎక్కింది. ఓడ మునిగితే నష్టం నేను భరిస్తానన్నవాడికి ఇచ్చే ప్రతిఫలమన్నమాట. మన ‘బీమా’ పారశీక ‘బీమ్’ నుంచి వచ్చింది. బీమ్ అంటే భయం. భయమున్నవాడు ఇస్తాడు, దాన్ని నెత్తినేసుకున్నవాడు పుచ్చుకుంటాడు. న్యాయమైన బేరమే.

అమెరికా వైద్య బీమాలో ఈ బేరం తిరగబడింది. ఉద్యోగులకు కంపెనీల ద్వారా దొరికే కుటుంబ బీమా ప్రీమియం 1999లో సగటున ఏడాదికి 5,791 డాలర్లని ఆరోగ్య విధానాల పరిశోధన సంస్థ కేఎఫ్‌ఎఫ్ సర్వే లెక్క. 2024కు అది 25,572 అయింది. అందులో ఉద్యోగి జీతంలో కోసేది సగటున 6,296 డాలర్లే. మిగతాది యాజమాన్యం కడుతుంది కనుక కంటికి ఆనదు. లేఆఫ్ అయిన తెలుగు ఇంజనీరుకు మాత్రం ‘కోబ్రా’ పేరుతో ఒక ఉత్తరం వస్తుంది. పాత బీమానే మామూలుగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు గానీ, మొత్తం ప్రీమియం, దానిమీద 2 శాతం దాకా నిర్వహణ ఖర్చు తానే పెట్టుకోవాలి. అది 1985 నాటి బడ్జెట్ చట్టపు పొడి అక్షరాల పేరే. అంకె చూసినవాడికి మాత్రం పామే గుర్తొస్తుంది.

ఇంత కట్టినా చాలా చికిత్సలకు డిడక్టిబుల్ తీరేదాకా బిల్లు రోగిదే. ఆ తర్వాత కూడా ప్రతి బిల్లులో రోగి పెట్టుకోవాల్సిన వాటాలు, కోపే, కోఇన్సూరెన్స్ ఉండనే ఉన్నాయి. బహుమానం కంపెనీకి చేరింది, భయంలో కొంత వాటా ఇచ్చినవాడి దగ్గరే మిగిలింది.

బీమా లెక్కల్లో రోగి చికిత్సకు కంపెనీ పెట్టిన ఖర్చుకు ‘మెడికల్ లాస్’ అని పేరు. రోగికి వైద్యం అందితే అక్కడ నష్టం కింద రాస్తారు! ప్రీమియంలో కనీసం 80 శాతం, పెద్ద సంస్థల బీమాలో 85 శాతం వైద్యానికీ దాని నాణ్యతకూ పెట్టాలని, తగ్గితే తేడా వాపసివ్వాలని 2010 నాటి ఒబామా వైద్య బీమా చట్టం కట్టడి చేసింది. మంచిదే. కానీ శాతాలకు ఒక లొసుగుంది. ఆసుపత్రి బిల్లులు, మందుల ధరలు పెరిగితే ప్రీమియం పెరుగుతుంది. కంపెనీకి మిగిలే 15, 20 శాతం కూడా డాలర్లలో పెరుగుతుంది. ఇక గట్టిగా బేరమాడాలన్న పట్టుదల ఎక్కణ్నుంచి వస్తుంది?

2025 అక్టోబరు 1 నుంచి అమెరికా ప్రభుత్వం 43 రోజులు మూతపడింది. గొడవ ప్రధానంగా ఆ ఒబామా చట్టం కింద ప్రభుత్వమిచ్చే ప్రీమియం రాయితీల మీదే. రాయితీ సామాన్యుడికి అవసరమే, కాదనలేం. అయితే అది బహుమానం ఎవరి జేబులోంచి వెళ్లాలో తేల్చగలదు తప్ప, పుచ్చుకున్నవాడు భయాన్ని ఎంత మోయాలో తేల్చదు.

అక్కడ ఏటా ప్లాన్ ఎంచుకునే మనవాళ్లకు ఒక్క మాట. చవక ప్రీమియం చూసి సంతకం పెట్టకండి. ముందు డిడక్టిబుల్, ఏడాదిలో మీ జేబులోంచి పోయే ఖర్చుకు గరిష్ఠ హద్దయిన ‘అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్’ ఎంతో చూడండి. మీ భయంలో కంపెనీ మోసేదెంతో చెప్పే అంకెలు అవే.