అమ్మమ్మ పిస్తోలు

మొన్న ఆదివారం పొద్దున్నే కొబ్బరిపచ్చడికి తాలింపు వేస్తుండగా ఫోన్ మోగింది. డల్లాసు నుంచి మా అక్క కూతురు. అది ఫోన్ చేసిందంటే గోంగూరలో మిరపకాయలు ఎన్ని వెయ్యాలనో, పిల్లకు దగ్గొస్తే వాము ఎట్లా పట్టాలనో అడగడానికే. ఆ మాటలకు సిద్ధపడే ఫోన్ ఎత్తాను.

"చిన్నమ్మా, నేను పిస్తోలు క్లాసులో చేరిన" అంది.

ఆవాలు చిటపటలాడి మాడిపోయిన సంగతి నాకు తరువాత గాని తెలియలేదు.

దాని భర్తకు వారంలో మూడు రాత్రులు డ్యూటీ. ఇంట్లో తనూ, అయిదేళ్ల పిల్లా. పెట్రోలు బంకులోనో, దుకాణంలోనో పనిచేస్తున్న మన తెలుగు పిల్లలమీద దోపిడీగాళ్లు కాల్పులు జరిపారన్న వార్త వచ్చినప్పుడల్లా దానికి నిద్ర పట్టదట. ఎవరో స్నేహితురాలు పర్సులో పిస్తోలు పెట్టుకొని తిరుగుతోందట. ఇదీ బయల్దేరింది.

"క్లాసు బాగనే అయింది గని, నాకిచ్చిన పిస్తోలు రెండుసార్లు ఇరుక్కపోయింది. పిస్తోలు మంచిదే, నీ మణికట్టే మెత్తగున్నది అన్నడు మా సారు. చరిత్ర టీచరువు గదా, నువ్వు చెప్పు చిన్నమ్మా, నమ్ముకోదగ్గ పిస్తోలు ఏది?"

ఏళ్ల తరబడి పిల్లలకు చరిత్ర చెప్పాను. పానిపట్టు యుద్ధాలు ఎన్ని అని అడిగినవాళ్లున్నారు గాని, ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నా తుపాకీ అనుభవమంతా కాలేజీ ఎన్‌సీసీలో కాల్చిన అయిదు గుళ్లు. నా బోర్డుమీద ఒక్క చిల్లూ పడలేదు. పక్కమ్మాయి బోర్డుమీద మాత్రం అయిదింటికి బదులు ఏడు పడ్డాయి. ఆ అమ్మాయికి బహుమతి వచ్చింది. అందులో నా వంతు ఎంతో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

అయినా అడిగింది మన పిల్ల. తెలిసింది చెప్పక తప్పుతుందా?

టెక్సస్ రాష్ట్రంలో బట్టలమాటున పిస్తోలు పెట్టుకొని తిరగడానికి లైసెన్సులిచ్చే చట్టం 1995లో చేశారు. ఆ లైసెన్సు కావాలంటే క్లాసులో కూర్చోవాలి, తరువాత 50 గుళ్లు కాల్చి చూపించాలి. ఎంత దూరం నుంచనుకున్నారు? 3 గజాలు, 7 గజాలు, 15 గజాలు. మూడు గజాలంటే మన హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య ఉండేంత దూరం! 2021 సెప్టెంబరు 1 నుంచి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు పొమ్మన్నారు. 21 ఏళ్లు నిండి, చట్టం వద్దన్నవాళ్ల జాబితాలో లేకపోతే చాలు. ఇక నేర్చుకోవడం, నేర్చుకోకపోవడం ఎవరి బుద్ధిని బట్టి వాళ్లకు. ఆ మాటకు మా పిల్ల క్లాసుకు వెళ్లడమే మేలు.

ఇక ఇరుక్కుపోయే సంగతి. చేతి తుపాకుల్లో రెండు జాతులున్నాయి. మొదటిది రివాల్వరు. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ 1836లో దానికి పేటెంటు తీసుకున్నాడు. చిన్న గుండ్రటి చక్రంలో అయిదారు గదులు, గదికో తూటా. మీట నొక్కితే చక్రం తిరుగుతుంది. ఒక తూటా పేలకపోయినా మళ్లీ నొక్కితే తరువాతది వచ్చి నిలబడుతుంది. బ్రిటిషు సైన్యం 1887లో వెబ్లీ రివాల్వరును తీసుకున్నదీ ఈ జాతిలోనుంచే.

రెండోది పిస్తోలు. దీని తూటాలు పిడిలో ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒక గుండు పేలిన విసురుకు పైభాగం వెనక్కి జరిగి, ఖాళీ తొడుగును బయటికి విసిరేసి, ముందుకొస్తూ కొత్త తూటాను లోపలికి తోస్తుంది. ఇదంతా సవ్యంగా జరగాలంటే పిడిని పట్టుకున్న చెయ్యి కదలకుండా నిలబడాలి. చెయ్యి వదులైతే విసురు చేతిలోకే పోతుంది, పైభాగం పూర్తిగా వెనక్కి రాదు, తూటా అడ్డం పడుతుంది. రోలు గట్టిగా ఆనకపోతే రోకలిపోటు వృథా అయినట్టన్నమాట. 1911లో అమెరికా సైన్యం కోల్ట్ పిస్తోలును పరీక్షించినప్పుడు ఒకే పిస్తోలుతో 6,000 గుళ్లు కాల్చారు, అది ఒక్కసారీ మొరాయించలేదు. అయితే కాల్చినవి ఆరితేరిన చేతులు. అదే పిస్తోలు మొదటిరోజు విద్యార్థి చేతిలో మొరాయించవచ్చు. డల్లాసు సారు చెప్పింది అబద్ధమేం కాదు.

ఇంతవరకూ పుస్తకాల్లో చదివింది చెప్పాను. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. అది మా అమ్మమ్మ పిస్తోలు కథ. నిజానికి అది రివాల్వరే. కాని మా ఇంట్లో అందరూ పిస్తోలు అనే అన్నారు, నేనూ అలాగే అంటాను.

అమ్మమ్మ వాళ్లది బోధన్ దగ్గర చెరకు పల్లె. మంజీర మీద 1931లో నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయి కాలువ నీళ్లు పారాక ఆ ప్రాంతం రూపే మారింది. 1938లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ గానుగ మొదలుపెట్టింది. జొన్న వేసే రైతులు చెరకు వేశారు. నా చిన్నప్పుడు ఆ ఫ్యాక్టరీ కూత విని గడియారాలు సరిచేసుకునేవాళ్లం. 2015లో అది మూతపడింది. ఆ బెల్లపుపాకం వాసన మాత్రం ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

చెరకు ఉన్నచోట అడవిపందులు తప్పవు. అందుకని పల్లెకు ఒకటో రెండో బర్మారు తుపాకులుండేవి. గొట్టంలో మందు పోసి, గుడ్డ కుక్కి, రవ్వలు వేసి, కడ్డీతో దట్టించి, టోపీ పెట్టి పేల్చాలి. వానాకాలంలో మందు చెమ్మగిల్లితే పంది తాపీగా చెరకు నమిలి వెళ్లిపోయేది. మా తాత దగ్గర బర్మారు లేదు. అడవి గుత్తేదారు అయిన ఒక బంధువు ఇచ్చిన పిస్తోలు ఉండేది. దాన్ని పాత చీరలో చుట్టి, పసుపు కొమ్ముల కుండలో దాచారు.

1948 వానాకాలం. రజాకార్ల పేరు వింటే పల్లెలు దీపాలార్పుకొనే రోజులు. ఖాసిం రజ్వీ ఉపన్యాసాలు ఒకవైపు. సిడ్నీ కాటన్ అనే విమానం నడిపే ఆయన కరాచీ నుంచి రాత్రిపూట నిజాం కోసం ఆయుధాలు చేరవేయడం మరోవైపు. ఎవరి చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు. మా తాత పనిమీద నిజామాబాద్ వెళ్లి నాలుగు రోజులైనా తిరిగిరాలేదు. ఇంట్లో అమ్మమ్మ, మూడేళ్ల మా అమ్మ, ఉయ్యాలలో మేనమామ.

నాలుగో రాత్రి ముసురు. పెరటి తడిక కిర్రుమంది. అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి తలుపు దగ్గర ఆగింది. ఆ తరువాతి మాట అమ్మమ్మ నోట వింటేనే బాగుంటుంది.

"నాకు పానం పోయినట్లయింది బిడ్డా. కుండల చెయ్యి వెట్టి పిస్తోలు దీసిన. తలుపు సందులకెల్లి మనిషి నీడ కనవడ్డది. కండ్లు మూసుకొని ఘోడా గుంజిన. టక్కుమన్నది. మల్ల గుంజిన. మల్ల టక్కుమన్నది. అప్పుడు బయటికెల్లి గుసగుస ఇనవడ్డది, 'అమ్మా, నేనే' అని."

వచ్చింది వాళ్ల ఇంటి జీతగాడు. పద్దెనిమిదేళ్లవాడు. తాత క్షేమంగా ఉన్నాడన్న కబురు చెప్పడానికి వానలో చీకట్లో గట్లమీద నడిచి వచ్చాడు. ఎవరన్నా వింటారేమోనని గట్టిగా పిలవలేదు. పిస్తోలు మంచిదయివుంటే వాడు ఆ గడపలోనే కూలిపోయేవాడు.

తాత వచ్చాక తూటాలు బయటికి తీసి చూశారట. ఏళ్ల తరబడి చెమ్మలో ఉండి ఇత్తడి పచ్చగా చిలుమెక్కింది. సెప్టెంబరులో పోలీసు చర్య అయిపోయాక తాత దాన్ని తీసుకెళ్లి అధికారులకు అప్పగించి వచ్చాడు. పిల్లలు పెద్దయ్యాక ఎవరో అన్నారట, "అయ్యో, అవసరానికి పేలలేదే" అని. అమ్మమ్మ అందుకు ఒక్క మాటే అనేది: "పేలకపోవుడే నా పున్నెం."

ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు నల్లగొండ, వరంగల్ పల్లెల ఆడవాళ్లు గుర్తొస్తారు. అవే రోజులు, అదే భయం. వాళ్లు మొదట పట్టుకున్నవి రోకళ్లు, కారం పొడి, వడిసెలలు. అవి వాళ్ల చేతులకు పుట్టినప్పటినుంచీ తెలిసిన వస్తువులు. తుపాకులు తరువాత వచ్చాయి. మల్లు స్వరాజ్యం చిన్న వయసులోనే దళం నడిపింది. అడవిలో ఆమె పేరు రాజక్క. ఆమెను పట్టిచ్చినవాళ్లకు పదివేల రూపాయలిస్తామని ప్రకటించారు. ఆమె 2022లో కన్నుమూసింది. ఆమె తుపాకీ మా అమ్మమ్మ పిస్తోలుకంటే ఖరీదైనదని నేననుకోను. ఆమె రోజూ దానితో బతికింది. అమ్మమ్మ ఏళ్ల తరబడి దాన్ని పసుపులో దాచి, ఒక్క రాత్రి దానిమీద ప్రాణాలన్నీ పెట్టింది. తేడా అక్కడ ఉంది.

మన దేశంలో ఆయుధాల చట్టం 1959లో వచ్చింది, 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. పంట కాపలాకు బర్మారు కావాలన్న రైతు మాట కూడా ఆ చట్టంలో ఉంది. నిర్భయ ఘటన తరువాత, 2014లో, కాన్పూరు ప్రభుత్వ ఫ్యాక్టరీ ఆడవాళ్ల కోసమని "నిర్భీక్" అనే రివాల్వరు తెచ్చింది. బరువు అరకిలో, ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. దాన్ని నగలపెట్టెలాంటి పెట్టెలో పెట్టి ఇచ్చారు! పట్టుచీర మీదికి సరిపోతుందని కాబోలు. నాకు ఆ నగలపెట్టెకంటే 2016లో వచ్చిన కొత్త నిబంధనలు నచ్చాయి. లైసెన్సు కావాలన్నవాళ్లు ఆయుధాన్ని భద్రంగా దాచడం, పట్టుకోవడం, పేల్చడం నేర్చుకున్నట్టు ముందు సర్టిఫికెట్ చూపాలన్నారు. నేర్పు ముందు, ఆయుధం తరువాత. ఎంత ఆలస్యంగా తెలుసుకున్నామో చూడండి.

ఇదంతా ఫోన్లో చెప్పేసరికి ఇడ్లీలు రాళ్లయ్యాయి. అటువైపు చాలాసేపు మాట లేదు.

"మరి నన్నేం చెయ్యమంటవు చిన్నమ్మా?"

"ఏది నమ్ముకోదగ్గది అని అడిగినవు గదా? పేలని పిస్తోలుతో ఒకటే భయం. ఎవరో చూడకుండ పేల్చే చేతిల మంచి పిస్తోలు ఉంటే రెండు భయాలు. ముందు మణికట్టు గట్టిపడేదాక క్లాసుకు పో. తాళం పడే పెట్టె కొను, పర్సుల పెట్టకు, నీ పర్సుల చాక్లెట్ల కోసం మీ పిల్ల చెయ్యి పెడ్తది. అప్పటికీ కావాలనిపిస్తే అప్పుడు ఆలోచిద్దువు."

"అయితే పిస్తోలు ఇప్పుడే కొనను. పెట్టె మాత్రం రేపే తెస్త" అంది. పెట్టె తెచ్చాక అందులో ఏం పెడుతుందో నాకు తెలియదు. నగలు పెట్టినా నాకు సంతోషమే.

ఫోన్ పెట్టేశాక అమ్మమ్మ అలవాటు ఒకటి గుర్తొచ్చింది. ఆ రాత్రి తరువాత నలభై ఏళ్లు బతికింది. పాలవాడు వచ్చినా, పోస్ట్‌మాన్ వచ్చినా, పట్టపగలు సొంత కొడుకే వచ్చినా, తలుపు గొళ్లెం మీద చెయ్యి పెట్టి ముందు గట్టిగా కేకేసేది.

"ఎవలూ?"

జవాబు వచ్చేదాకా ఆ చెయ్యి కదిలేది కాదు. మేం నవ్వుకునేవాళ్లం. ఆ జీతగాడు ముసలివాడయ్యాక కూడా పండుగకు వచ్చేవాడు. అతనొక్కడే ఎప్పుడూ నవ్వలేదు. గడప బయట నిలబడి, పేరు చెప్పి, తలుపు తెరిచేదాకా ఓపికగా ఆగేవాడు.