రంగు పేరు అడగొద్దు

1777లో జోసెఫ్ హడార్ట్ అనే ఓడ కెప్టెన్ శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీకి ఒక ఉత్తరం రాశాడు. ఇంగ్లండు వాయవ్య తీరాన, కంబర్లాండ్ ప్రాంతంలోని మేరీపోర్ట్ అనే ఊళ్లో చెప్పులు కుట్టుకుని బతికే హారిస్ గురించిన ఉత్తరం అది. హారిస్‌కు నాలుగేళ్లప్పుడు వీధిలో చిన్నపిల్లల మేజోడు ఒకటి దొరికింది. దగ్గర్లోని ఇంటికి తీసుకెళ్లి ఇస్తే వాళ్లు దాన్ని ‘ఎర్ర మేజోడు’ అన్నారు. మేజోడు అంటే చాలు కదా, ముందు ఇంకో మాట ఎందుకో ఆ పిల్లాడికి అర్థం కాలేదు. తోటిపిల్లలు చెర్రీ పండ్లను దూరం నుంచే రంగు చూసి గుర్తుపడుతుంటే, హారిస్ మాత్రం ఆకుల మధ్య పండును సైజును బట్టి, ఆకారాన్ని బట్టి వెతుక్కునేవాడు.

అదే కంబర్లాండ్‌లో పుట్టిన జాన్ డాల్టన్‌కు తన చూపులోని తేడా ఇరవై ఆరేళ్ల వయసులో తెలిసింది. 1792లో ఒక జెరేనియం పువ్వును కొవ్వొత్తి వెలుగులో చూశాడు. అందరూ గులాబీ రంగు అనే ఆ పువ్వు పగటిపూట అతనికి ఆకాశనీలంగా కనిపించేది. కొవ్వొత్తి దగ్గర ఆ నీలం ఛాయే లేదు. చుట్టుపక్కలవాళ్లను అడిగితే ఒక్క అన్న తప్ప మిగతావాళ్లెవరికీ ఆ మార్పు కనిపించలేదు. రెండేళ్ల తర్వాత మాంచెస్టర్ పండితుల సభలో డాల్టన్ తన చూపు మీదే వ్యాసం చదివాడు. కంటి లోపలి ద్రవం నీలంగా ఉండి ఎరుపును పీల్చేస్తోందని అతని ఊహ. చనిపోయాక తన కళ్లు కోసి చూడమని చెప్పి ఉంచాడు. 1844లో డాక్టర్ జోసెఫ్ రాన్సమ్ ఆ కోరిక తీర్చాడు. ద్రవం తేటగా ఉంది. రెండో కంటికి వెనక చిన్న రంధ్రం చేసి అందులోంచి తానే చూశాడు. ఎరుపు ఎరుపుగానే, ఆకుపచ్చ ఆకుపచ్చగానే ఉన్నాయి. ఊహ తప్పింది కానీ కంటి ముక్కలు మిగిలాయి. 1995లో వాటి డీఎన్ఏ పరీక్షించినప్పుడు ఆకుపచ్చ వైపు కాంతిని గ్రహించే వర్ణకానికి సంబంధించిన జన్యువే డాల్టన్‌లో లేదని తేలింది. తన శరీరాన్నే సాక్ష్యంగా రాసిచ్చిన శాస్త్రవేత్తకు నూట యాభై ఏళ్ల తర్వాత జవాబు దొరికింది.

ఈ ఇద్దరి కథల్లోనూ ఉన్న చిక్కు ఒకటే. అక్షరాలు ఆనకపోతే మనిషికి ఆ సంగతి తెలుస్తుంది. 1862లో నెదర్లాండ్స్‌లో హెర్మన్ స్నెల్లెన్ తయారుచేసిన అక్షరాల చార్టు ముందు నిలబడితే కింది వరుస కనిపించడం లేదని రోగే చెబుతాడు. రంగుల విషయం అలా కాదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివాడు కూడా ఆకు ఆకుపచ్చ, రక్తం ఎరుపు అని చిన్నప్పుడే నేర్చుకుని అలాగే అంటాడు. చాలాసార్లు సరిగ్గానే అంటాడు. కాబట్టి ‘ఇదేం రంగు?’ అని అడిగితే బయటపడేది అతని భాషే, చూపు కాదు.

ఈ చిక్కును దాటే దారిని మొదట పట్టుకున్నది జర్మనీకి చెందిన ఆగస్ట్ జేబెక్. 1837లో అతను 300కు పైగా రంగు కాగితాలు ముందు పెట్టి, ఒకదానికొకటి పోలినవాటిని ఏరమన్నాడు. పేర్లు చెప్పనక్కర్లేదు, చేత్తో ఏరితే చాలు. ఈ చరిత్ర మొత్తంలో అసలైన ఆవిష్కరణ అదే అని నా నమ్మకం. తర్వాత వచ్చిన పరికరాలు చాలావరకు దాని మీద కట్టినవే.

అప్పటికి రైళ్లు వచ్చేశాయి. రంగు దీపాలతో సిగ్నల్ ఇచ్చే పద్ధతి స్థిరపడుతున్న కాలం. 1855లో ఎడిన్‌బరోకు చెందిన జార్జ్ విల్సన్ వర్ణాంధత్వం మీద పుస్తకం రాసి, సిగ్నల్ చూసేవాళ్ల కళ్లు పరీక్షించకపోతే ప్రమాదమని హెచ్చరించాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకునేలా చేసింది 1875 నవంబరులో స్వీడన్‌లో జరిగిన దుర్ఘటన. లాగర్‌లుండా దగ్గర ఒంటిలైను మీద రెండు ఎక్స్‌ప్రెస్ రైళ్లు రాత్రివేళ ఎదురెదురుగా గుద్దుకుని తొమ్మిదిమంది చనిపోయారు. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం బోధించే ఫ్రిథియోఫ్ హోల్మ్‌గ్రెన్ దానికి వర్ణాంధత్వమే కారణమై ఉండొచ్చని వాదించాడు. మరుసటి ఏడాది ఉప్సాలా–యావ్లె లైనులో 266 మంది రైల్వే ఉద్యోగులను పరీక్షిస్తే 13 మందికి రంగుల చూపులో లోపం బయటపడింది. అంతవరకూ సిగ్నళ్ల మధ్యే బతుకుతున్నవాళ్లు వాళ్లు.

హోల్మ్‌గ్రెన్ వాడింది ఉన్ని. బల్ల మీద రంగురంగుల ఉన్ని దారపు కట్టలు గుట్టగా పోసి, లేత ఆకుపచ్చ కట్ట ఒకటి పక్కన పెట్టి, దీన్ని పోలినవన్నీ తీయమనేవాడు. లోపం ఉన్నవాడి చేయి ఆకుపచ్చలతోపాటు బూడిద, గోధుమ, లేత గులాబీ రంగుల కట్టల మీదికీ వెళ్లేది. ఆ చేతి తడబాటును కూడా పరీక్షకుడు గమనించాలి. తర్వాత ఊదా-గులాబీ కట్టతో, ఎర్రకట్టతో లోపం ఏ రకమో తేల్చేవాడు. ఒక మనిషికి కొన్ని నిమిషాలు చాలు. స్వీడన్ రైల్వేల నుంచి ఈ పద్ధతి ఐరోపా, అమెరికాలకు పాకింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లడం న్యాయం కాదు. ఆ రాత్రి చనిపోయిన ఇంజన్ డ్రైవరు కళ్లను బతికుండగా ఎవరూ పరీక్షించలేదు. జాన్ మొల్లన్, కావోనియస్ అనే పరిశోధకులు 2012లో పాత రికార్డులు తిరగేసి, అతనికి వర్ణాంధత్వం ఉందనడానికి ఆధారాలు బలంగా లేవని చూపించారు. నూరేళ్లకు పైగా పాఠ్యపుస్తకాలు ఆ డ్రైవరును ఉదాహరణగా చెప్పుకొచ్చాయి. పరీక్ష మంచిదే. అయినా రుజువు కాని నింద ఒకటి తనవైపు చెప్పుకునే అవకాశం లేని మనిషి మీద నిలిచిపోయింది.

ఉన్ని పరీక్షకు గట్టి ప్రత్యర్థి బ్రిటన్‌లో ఎడ్రిడ్జ్-గ్రీన్. పగటి వెలుతురులో ఉన్ని ఏరడానికీ, పొగమంచులో దూరపు దీపాన్ని చూసి క్షణంలో నిర్ణయించడానికీ సంబంధం ఏమిటని అతని ప్రశ్న. అందుకే లాంతరు తయారుచేశాడు. చీకటి గదిలో రంగుటద్దాలు, చిన్నా పెద్దా రంధ్రాలు, మంచునూ వాననూ అనుకరించే గాజుబిళ్లలు మారుస్తూ, కనిపించిన దీపం రంగు చెప్పమంటాడు. అంటే పేరు అడగడం మళ్లీ వచ్చింది. కానీ ఇక్కడ అడగడంలో అర్థముంది. రైలు నడిపేవాడు చేయాల్సిన పని సరిగ్గా అదే. భారతీయ రైల్వే వైద్య నియమావళిలో ఈ లాంతరుకు ఇప్పటికీ చోటుంది.

మన ఊళ్లలో ఎక్కువమందికి తెలిసింది మాత్రం చుక్కల పుస్తకం. చుక్కల్లో అంకెలు దాచే ఆలోచన జర్మన్ వైద్యుడు యాకోబ్ స్టిల్లింగ్‌ది, 1870ల నాటిది. దాన్ని సాటిలేని స్థాయికి తెచ్చినవాడు షినోబు ఇషిహారా. జర్మనీలో చదివి వచ్చిన ఈ జపాన్ సైనిక వైద్యుడు 1916లో సైన్యంలోకి వచ్చేవాళ్ల కోసం జపనీస్ అక్షరాలతో పలకలు గీశాడు. మరుసటి ఏడాది అంకెలతో అన్ని దేశాలకూ పనికొచ్చే కూర్పు తెచ్చాడు. నీటిరంగులతో చేత్తో వేసిన పలకలవి.

వాటి పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. చుక్కలు రకరకాల సైజుల్లో, కొన్ని ముదురుగా కొన్ని లేతగా ఉంటాయి. అందువల్ల వెలుగునీడల తేడాతో అంకెను పట్టడం కుదరదు, రంగుతోనే పట్టాలి. మొదటి పలకలోని 12 అందరికీ కనిపిస్తుంది. పరీక్ష అర్థమైందో లేదో చూడటానికి, అబద్ధమాడేవాణ్ని పట్టడానికి అది. తర్వాతి పలకలో మామూలు చూపుకు 8, ఎరుపు-ఆకుపచ్చ లోపమున్న చూపుకు 3. ఇంకోచోట 74 కాస్తా 21 అవుతుంది. కొన్ని పలకల్లో మామూలువాళ్లకు ఏమీ కనిపించదు, లోపమున్నవాళ్లే అంకె చదువుతారు. తక్కువ చూసేవాడికి ఎక్కువ కనిపించేలా చేయడం ఎంత సూక్ష్మమైన ఆలోచన! అంకెలు రానివాళ్లకు వేలితో వెంబడించే వంకర దారులున్నాయి.

అయితే ఈ పుస్తకానికి పగటి వెలుతురు కావాలి. పసుపు వెలుగిచ్చే పాత బల్బు కింద కొందరు గట్టెక్కేస్తారు. రంగులు వెలిసిన పుస్తకం, ఫోన్ తెర మీది బొమ్మ అసలు పరీక్ష కిందికి రావు. పైగా నీలం-పసుపు లోపాన్ని ఇది పట్టదు. అన్నిటికన్నా ముఖ్యం, ఎరుపు-ఆకుపచ్చ లోపం ఉందా లేదా అని చెప్పడంలో దీనికి తిరుగులేదు కానీ ఎంత ఉందో చెప్పడంలో అంత గట్టిది కాదు.

ఎంత అన్నదానికి వేరే దారి ఉంది. 1881లో లార్డ్ రేలీ ఎరుపు, ఆకుపచ్చ కాంతులు కలిపి పసుపుకు సరిపోల్చమంటే కొందరు మిగతావాళ్లకన్నా చాలా వేరైన పాళ్లలో కలిపారు. ఆ సూత్రం మీదే 1907లో విలిబాల్డ్ నాగెల్ అనోమలోస్కోప్ అనే పరికరం చేశాడు. రకం తేల్చడంలో నేటికీ దానిదే చివరి మాట. 1940ల్లో అమెరికాకు చెందిన డీన్ ఫార్న్స్‌వర్త్ రంగు బిళ్లలను వరుసలో పేర్చే పరీక్షలు తెచ్చాడు. జేబెక్ కాగితాలకు వారసులే అవి. ఇప్పుడు కంప్యూటర్ పరీక్షలు వచ్చాయి. లండన్ సిటీ యూనివర్సిటీ బృందం రూపొందించిన పరీక్ష ఆధారంగా 2009లో వెలువడిన బ్రిటిష్ విమానయాన నివేదిక, రంగుల లోపమున్న అభ్యర్థుల్లో సుమారు 35 శాతం మంది విమానం సురక్షితంగా నడపగలరని లెక్కగట్టింది.

లోపం ఉందా అని అడగడానికీ, ఎంత ఉంది అని అడగడానికీ ఉన్న ఈ తేడా మన దగ్గర బతుకుల మీద పడుతుంది. లోకో పైలట్ ఉద్యోగానికి ఏళ్లతరబడి చదివి, రాతపరీక్ష గట్టెక్కి, ‘మెడికల్‌లో పోయింది’ అని తిరిగొచ్చే కుర్రాళ్లలో చాలామందికి తమ చూపు సంగతి తెలిసేది ఆ రోజే. తల్లి ద్వారా తాత నుంచి మనవడికి వచ్చే ఈ లక్షణాన్ని హైస్కూల్లోనే, పగటి వెలుతురులో, అయిదు నిమిషాల్లో చూడొచ్చు. అలా చూడటం లేదని చెప్పడానికి నాకు నిజంగా బాధగా ఉంది.

చట్టం మాత్రం కొంత కదిలింది. 2020 జూన్‌లో కేంద్రం నిబంధనలు సవరించి, స్వల్ప, మధ్యస్థ లోపమున్నవారికి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వొచ్చంది. వర్ణాంధత్వం వల్ల పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఎడిటింగ్ కోర్సులో సీటు దక్కని అభ్యర్థిని చేర్చుకోవాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరు ఉద్యోగంలో చేరాక వర్ణాంధత్వం బయటపడి, వేరే పని అడిగినా ఇవ్వక, 2016లో ఇంటికి పంపబడ్డారు. అలాంటి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని 1979 నాటి కార్మిక ఒప్పందంలోనే ఉంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ ఒప్పందాన్ని గుర్తుచేసి, అదే జీతం హోదాలో ఆయనకు తగిన ఉద్యోగం ఇవ్వాలని తీర్పు చెప్పింది.